వేలూరు డాక్టరమ్మ ఐడా స్కడర్

పిల్లల కోసం స్మారక ఉపన్యాసం

1. పుట్టిన ఇల్లు

ఐడా సోఫియా స్కడర్ 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. రాణిపేట అప్పట్లో మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయ్యేదాకా వేలూరు, గుడియాత్తం, చంద్రగిరి, పలమనేరు అన్నీ ఒకే జిల్లా. అందుకే ఆ ప్రాంతపు సంతల్లో, ఆస్పత్రుల్లో తమిళంతో పాటు తెలుగు, ఉర్దూ కూడా వినిపించేవి. తెలుగువాళ్లు వేలూరును రాయవేలూరు అని పిలుచుకోవడం ఇప్పటికీ ఉంది.

ఐడా తాత జాన్ స్కడర్ న్యూయార్కులో పేరున్న వైద్యుడు. ఆయన 1819లో ఆ ప్రాక్టీసు వదిలి భార్యతో సహా ఓడ ఎక్కి సింహళానికి (ఇప్పటి శ్రీలంకకు) వచ్చాడు. అమెరికా నుంచి ఇతర దేశాలకు వెళ్లిన తొలి వైద్య మిషనరీగా చరిత్రకారులు ఆయన పేరే చెబుతారు. సింహళంలో వైద్యం చేసి, 1836లో మద్రాసుకు మారాడు. ఆయన ఏడుగురు కొడుకులూ మిషనరీలుగా మన దేశంలోనే పనిచేశారు. వారిలో ఒకరు, తండ్రి పేరే ఉన్న డాక్టర్ జాన్ స్కడర్, ఐడాకు తండ్రి. నాలుగు తరాలలో ఆ ఇంటి నుంచి 40 మందికి పైగా ఇదే దారి పట్టారు.

మిషనరీ అంటే తన మతాన్ని బోధించడానికి పంపబడినవాడు. వైద్య మిషనరీ బోధతో పాటు వైద్యమూ చేస్తాడు. యేసు రోగులను ముట్టి బాగుచేశాడని సువార్తలు చెబుతాయి కనుక రోగిని చూసుకోవడం తమ విశ్వాసంలో భాగమని వాళ్లు నమ్మేవారు.

ఐడాకు ఆరేడేళ్ల వయసులో దక్షిణ దేశమంతా కరువు పడింది. 1876లో మొదలై 1878 దాకా సాగిన ఆ కరువును తెలుగువాళ్లు ధాత కరువు అన్నారు. వానలు లేవు, పంటలు లేవు, గంజికేంద్రాల ముందు బారులు తీరిన జనం. స్కడర్ల ఇంటి ముందు కూడా ఆకలితో పిల్లలు పోగయ్యేవారు. తమ చేత్తో తినే ఓపిక కూడా లేని ఆ పిల్లల నోట్లో చిన్న ఐడా రొట్టె ముక్కలు పెట్టింది. ఆ దృశ్యాలు ఆమెను చాలాకాలం వెంటాడాయి. కుటుంబం అమెరికాకు వెళ్లాక ఆమెకు ఆ దేశం హాయిగా తోచింది. తల్లిదండ్రులు తిరిగి ఇండియాకు వచ్చినప్పుడు ఆమె చదువు కోసం అక్కడే ఉండిపోయింది. మసాచుసెట్స్‌లోని నార్త్‌ఫీల్డ్ బాలికల పాఠశాలలో చదువుకుంది. స్కడర్ల ఇంట పుట్టినంత మాత్రాన తానూ మిషనరీ కావాలా అని ఎదురు తిరిగేది. అమెరికాలో స్థిరపడాలన్నదే ఆమె కోరిక.

2. తిండివనంలో ఒక రాత్రి

1890లో తల్లికి జబ్బు చేసిందని కబురు వచ్చింది. ఐడా తల్లిని చూసుకోవడానికి వచ్చింది, కొంతకాలం ఉండి వెళ్లిపోదామనుకుంది. తండ్రి అప్పుడు దక్షిణ ఆర్కాటులోని తిండివనంలో పనిచేస్తున్నాడు. ఒక రాత్రి ఆమె తన గదిలో దీపం దగ్గర కూర్చుని ఉండగా గుమ్మం ముందు అలికిడి అయింది. వచ్చినవాడు ఒక బ్రాహ్మణ యువకుడు. అతని భార్య చిన్నపిల్ల, కాన్పు కష్టమైంది, మంత్రసాని చేతులెత్తేసింది. ఐడా వచ్చి కాపాడాలని బతిమాలాడు. తనకు వైద్యం రాదు, నాన్నగారు పెద్ద డాక్టరు, ఆయనను తీసుకువెళ్లమని ఐడా చెప్పింది. పరాయి మగవాడు తన ఇంటి ఆడవాళ్లను చూడటానికి వీల్లేదని అతను తిరిగి వెళ్లిపోయాడు.

అదే రాత్రి ఒక ముస్లిం వచ్చాడు. అతని ఇంట్లోనూ కాన్పు కష్టమే. మగ డాక్టరు వద్దన్న జవాబూ అదే. ఆ తర్వాత ఇంకొక హిందూ గృహస్థు అదే బాధతో వచ్చి అలాగే వెనుదిరిగాడు. ఐడాకు నిద్ర పట్టలేదు. తెల్లవారాక వీధిలో చావుడప్పు వినిపించింది. పనివాణ్ణి పంపి కనుక్కుంటే ముగ్గురు తల్లులూ రాత్రికి రాత్రే చనిపోయారని తెలిసింది.

ఆ ఇళ్ల మగవాళ్లు తమ భార్యలను ప్రేమించనివాళ్లు కారు. అర్ధరాత్రి పరాయివాళ్ల గుమ్మం తొక్కి బతిమాలినవాళ్లు. అయితే ఆడవాళ్లు పరాయి మగవాళ్ల కంట పడకూడదనే ఘోషా కట్టుబాట్లు, కులాచారాలు ఆడవాళ్ల చుట్టూ గట్టి గోడ కట్టాయి. బాల్యవివాహాల వల్ల ఒళ్లు ఎదగకముందే కాన్పులు వచ్చేవి. మంత్రసానులకు ఎంత అనుభవం ఉన్నా, చేతులూ కత్తీ శుభ్రంగా లేకపోతే తల్లికి పురిటి జ్వరం, బిడ్డకు ధనుర్వాతం వస్తాయన్న సంగతి వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఊళ్లో మగ డాక్టరు ఉన్నా ఆడవాళ్లకు ఆయన లేనట్టే.

ఆ ఉదయమే ఐడా తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి, అమెరికాలో వైద్యం చదివి తిరిగి వస్తానని, ఇక్కడి ఆడవాళ్ల కోసం పనిచేస్తానని చెప్పింది. అంతకుముందు ఆమె వద్దనుకున్న పని అదే.

3. చదువు, విరాళం

1895లో ఐడా ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చేరింది. ఆడవాళ్లకు వైద్యం నేర్పడానికి 1850లో పెట్టిన కళాశాల అది. మన దేశానికీ దానికీ అప్పటికే సంబంధం ఉంది. మన దేశం నుంచి వెళ్లిన ఆనందీబాయి జోషి 1886లో పట్టా తీసుకున్నది అక్కడే. గుంటూరులో ఆడవాళ్ల ఆస్పత్రి కట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ చదువుకున్నదీ అక్కడే. కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1930లో అక్కడే కన్నుమూశారు. ఆమె ఆస్పత్రి ఇప్పటికీ ఆమె పేరుతో నడుస్తోంది.

1898లో న్యూయార్కులో కార్నెల్ వైద్య కళాశాల తెరిచి ఆడపిల్లలను కూడా చేర్చుకుంది. ఐడా అక్కడికి మారి 1899లో పట్టా పొందారు.

వేలూరులో ఆడవాళ్ల ఆస్పత్రి కట్టాలంటే డబ్బు కావాలి. ఆమెను పంపే మిషన్ సంఘం 8,000 డాలర్లు పోగుచేయమని చెప్పింది. పెద్ద ఇళ్ల తలుపులు తట్టి తిండివనం రాత్రి గురించి చెప్పడం మొదలుపెట్టారు. న్యూయార్కులో రాబర్ట్ షెల్ అనే బ్యాంకరు ఆ కథ విని, చనిపోయిన తన భార్య మేరీ టేబర్ షెల్ పేరు మీద 10,000 డాలర్లు ఇచ్చాడు. అడిగిన దానికంటే ఎక్కువే వచ్చింది.

4. ఒక మంచం, తర్వాత 40 మంచాలు

1900 సంవత్సరం మొదలవుతుండగా ఐడా వేలూరు చేరారు. ఆమెతో పాటు స్నేహితురాలు ఆనీ హాన్‌కాక్ కూడా వచ్చింది. ఆనీ ఇళ్లకు వెళ్లి ఘోషా స్త్రీలతో స్నేహం చేసేది. తండ్రి దగ్గర ఉంటూ పని నేర్చుకోవచ్చని ఐడా అనుకున్నారు. ఆమె వచ్చిన కొన్ని నెలలకే తండ్రి చనిపోయాడు. ఎన్నో ఏళ్ల అనుభవమున్న డాక్టరు ఉండవలసిన చోట ముప్పై నిండని కొత్త డాక్టరమ్మ ఒంటరిగా మిగిలారు.

ఆస్పత్రి భవనం ఇంకా లేదు. ఇంట్లోనే ఒక గదిలో ఒక్క మంచం వేసి వైద్యం మొదలుపెట్టారు. మొదట్లో రోగులు రాలేదు. మగ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఆచారం అడ్డు వస్తే, కొత్త దొరసాని దగ్గరికి రావడానికి భయం అడ్డు వచ్చింది. ఒకరిద్దరికి నయమయ్యాక ఆ మాట వీధివీధికీ పాకింది. సలోమీ అనే స్థానిక స్త్రీ ఆమెకు తొలి సహాయకురాలైంది. గాయాలు కడగడం, మందులు కలపడం, కట్లు కట్టడం ఐడా దగ్గరే నేర్చుకుంది. రెండేళ్లలో దాదాపు 5,000 మంది ఆ చిన్న చోట వైద్యం పొందారు.

1902లో మేరీ టేబర్ షెల్ ఆస్పత్రి తెరుచుకుంది. 40 మంచాలు, ఆడవాళ్లకూ పిల్లలకూ మాత్రమే. కులమేదైనా, మతమేదైనా అందరినీ చేర్చుకునేవారు. ఒక్క డాక్టరే అన్నీ చేయాలి. కాన్పులు, ఆపరేషన్లు, కంటిజబ్బులు, పాముకాట్లు అన్నీ ఆమె చేతి మీదే నడిచేవి. ఆమె జబ్బు పడినా, సెలవు మీద వెళ్లినా ఆస్పత్రి ఆగిపోయినట్టే. ఎంత కష్టపడినా జిల్లాలోని ఆడవాళ్లందరినీ ఒక్కరు చూడలేరన్నది ఈ సంవత్సరాలలోనే ఆమెకు బాగా అర్థమైంది. ఆమె తర్వాతి పనులన్నిటికీ ఆ గుర్తింపే కారణం.

5. చెట్ల కింద వైద్యం

దూరపు పల్లెల నుంచి వచ్చేవాళ్లు జబ్బు ముదిరాక వచ్చేవారు. చిన్న పుండు కుళ్లి కాలు తీసేయాల్సిన స్థితికి వచ్చేది. కంటి కలకను నిర్లక్ష్యం చేసి చూపు పోగొట్టుకునేవారు. ఎద్దుబండిలో పడి ఆస్పత్రికి రావడానికే ఒక రోజు పట్టేది, కూలి పోయేది. రోగి ఆస్పత్రికి రాలేకపోతే ఆస్పత్రే రోగి దగ్గరికి వెళ్లాలని ఐడా నిశ్చయించుకున్నారు. 1906లో ఊళ్లకు వెళ్లి వైద్యం చేయడం మొదలైంది.

1909లో అమెరికా స్నేహితుల సాయంతో ఒక చిన్న ప్యూజో కారు వచ్చింది. ఆ రోడ్ల మీద కారు అంటే అప్పట్లో చూడని వింత. దాని చప్పుడుకు పల్లెజనం మొదట్లో బెదిరి పరుగెత్తేవారు. కొన్ని వారాలకు ఆ చప్పుడు కోసమే ఎదురుచూడటం అలవాటైంది. వారంలో ఒక నిర్ణీత రోజున కారు వేలూరు నుంచి గుడియాత్తం దారిలో బయలుదేరేది. దారిపొడవునా కొన్ని చెట్ల దగ్గర ఆగేది. ఆ చెట్ల నీడలో తల్లులు, పిల్లలు, ముసలివాళ్లు, కుష్ఠురోగులు తెల్లవారినప్పటి నుంచే కూర్చుని ఉండేవారు. కారు ఆగగానే మందుల పెట్టెలు దింపేవారు. ఒకరు చీటీలు రాస్తే, ఒకరు పుళ్లు కడిగి కట్లు కట్టేవారు, డాక్టరమ్మ ఒక్కొక్కరినీ చూసేవారు. ఆపరేషన్ అవసరమైనవాళ్లను కారులోనే ఎక్కించుకుని వేలూరు తెచ్చేవారు.

ఈ పద్ధతిలో ఒక గట్టి ఆలోచన ఉంది. వారం వారం అదే చోటికి, అదే వేళకు రావడం వల్ల జనానికి నమ్మకం కుదిరింది. జబ్బు చిన్నగా ఉన్నప్పుడే చూపించుకోవడం నేర్చుకున్నారు. ఊరి దగ్గరికే వైద్యం చేరాలన్న మాట ఇప్పుడు ప్రభుత్వాలు కూడా చెబుతాయి. వేలూరు చుట్టుపక్కల అది వందేళ్లకు ముందే చేతల్లో నడిచింది.

అదే 1909లో ఐడా నర్సుల శిక్షణ పాఠశాల తెరిచారు. ఆ కాలంలో పరాయి రోగి ఒంటిని కడగడం, మలమూత్రాలు ఎత్తడం నీచమైన పనిగా చూసేవారు. మంచి ఇంటి పిల్లలను అలాంటి పనికి పంపడానికి తల్లిదండ్రులు ఒప్పుకునేవారు కారు. ఆ పనికి తెల్లని దుస్తులు, చదువు, పరీక్ష, జీతం, గౌరవం తోడయ్యాక అది వృత్తిగా నిలబడింది. నర్సమ్మ అన్న పిలుపులో ఇప్పుడు వినిపించే ఆదరం ఇలాంటి పాఠశాలల వల్ల వచ్చిందే.

6. ఆడపిల్లలే డాక్టర్లు

నర్సులున్నా డాక్టర్లు చాలలేదు. అమెరికా నుంచి ఒక్కొక్కరినీ పిలిపించుకుంటే ఎన్ని తరాలకు ఈ లోటు తీరుతుంది? ఇక్కడి ఆడపిల్లలకే వైద్యం నేర్పాలని ఐడా నిర్ణయించుకున్నారు. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖ అధిపతి కర్నల్ బ్రైసన్‌కు ఆ పథకం మీద నమ్మకం కలగలేదు. ఆడపిల్లల నుంచి దరఖాస్తులు పెద్దగా రావన్నది ఆయన అంచనా. అయినా అనుమతి ఇచ్చాడు. దరఖాస్తులు ఆయన ఊహకు ఎన్నో రెట్లు వచ్చాయి, చాలామందిని చోటులేక వెనక్కి పంపవలసి వచ్చింది.

1918 ఆగస్టు 12న యూనియన్ మిషన్ మహిళా వైద్య పాఠశాల మొదలైంది. వేర్వేరు మిషన్లు కలిసి నడపడం వల్ల దానికి యూనియన్ అన్న పేరు. తొలి తరగతిలో 17 మంది చేరారు. అద్దె గదులు, చాలీచాలని పరికరాలు. పాఠం చెప్పేది, ఆపరేషన్ చేసేది, భోజనాల లెక్క చూసేది చాలావరకు ఐడాయే. ఏడాది చివర ప్రభుత్వ పరీక్ష వచ్చింది. అబ్బాయిల పాఠశాలల్లోనే చాలామంది తప్పుతున్నారు కనుక, ఒకరిద్దరు గట్టెక్కినా చాలునన్న మాట వినిపించింది. వేలూరు నుంచి పరీక్షకు కూర్చున్న 14 మందీ ఉత్తీర్ణులయ్యారు.

నాలుగేళ్ల చదువు ముగించుకుని 1922లో తొలి బృందం బయటికి వచ్చింది. విద్యార్థినులు ఆమెను ఐడా అత్త అని అర్థం వచ్చేలా ఇంగ్లీషులో పిలుచుకునేవారు. కొత్త డాక్టర్లు సొంత ఊళ్లకు, మిషన్ ఆస్పత్రులకు, ప్రభుత్వ ఆస్పత్రులకు వెళ్లారు. వాళ్ల భాష రోగుల భాషే. గుమ్మం దాటి లోపలికి వెళ్లడానికి వాళ్లకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. తిండివనంలో ముగ్గురు తల్లులకు అందని చేయి ఇప్పుడు అనేక ఊళ్లలో అందుబాటులోకి వచ్చింది. అప్పటి బ్రిటిషు ప్రభుత్వం 1920లోనే ఐడాకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

పాఠశాల పెరిగేకొద్దీ చోటు చాలలేదు. వేలూరులోని తోటపాళయంలో పెద్ద ఆస్పత్రి, ఊరికి కొంత దూరంలో బాగాయం దగ్గర 200 ఎకరాల్లో విద్యాలయం తలపెట్టారు. డబ్బు కోసం ఐడా మళ్లీ అమెరికా వెళ్లి ఊరూరా ఉపన్యాసాలు చేశారు. లూసీ పీబాడీ అనే సంఘనాయకురాలు ఆసియాలోని మహిళా కళాశాలల కోసం అమెరికా స్త్రీలచేత పెద్ద నిధి పోగుచేయించింది. అందులో వేలూరుకూ వాటా వచ్చింది. బాగాయంలో పనులు మొదలైన 1928లోనే మహాత్మా గాంధీ వేలూరు వైద్య పాఠశాలను చూడటానికి వచ్చారు.

7. మూతబడే ప్రమాదం

1930ల చివర మద్రాసు ప్రభుత్వం వైద్యవిద్య స్థాయి పెంచాలని నిర్ణయించింది. ఇకమీదట విశ్వవిద్యాలయం ఇచ్చే ఎం.బి.బి.ఎస్. పట్టా ఒక్కటే చెల్లుతుంది, డిప్లొమా పాఠశాలలు ఉండవు. ప్రజల మేలు కోసం తీసుకున్న నిర్ణయమే అది. డిప్లొమా మాత్రమే ఇచ్చే వేలూరు పాఠశాలకు మాత్రం అది ప్రాణసంకటమైంది. ఎం.బి.బి.ఎస్. కళాశాల కావాలంటే ఇంకా చాలా మంచాలు, ప్రయోగశాలలు, ఉన్నత పట్టాలున్న అధ్యాపకులు కావాలి. లేదంటే మూసేయాలి.

1941లో, డెబ్బై ఏళ్ల వయసులో, ఐడా మళ్లీ అమెరికాకు బయలుదేరారు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులవి. రైళ్లలో తిరుగుతూ సభ తర్వాత సభలో వేలూరు గురించి చెప్పారు. పురుషుల మిషన్ సంఘాల మద్దతు కూడా దొరకాలంటే అబ్బాయిలనూ చేర్చుకోవాలన్న ప్రతిపాదన వచ్చింది. ఆడపిల్లల కోసం కట్టినదాన్ని అబ్బాయిలకు తెరవడమేమిటని పాత స్నేహితులు చాలామంది బాధపడ్డారు. లూసీ పీబాడీ అయితే గట్టిగా వ్యతిరేకించింది. ఐడాకు ఈ విభేదం ఎంతో కష్టం కలిగించింది. మగైనా ఆడైనా మంచి డాక్టర్లు కావాలి, కళాశాల నిలవాలి అన్న నిశ్చయంతో ఆమె ఒప్పుకున్నారు. 1942లో ఎం.బి.బి.ఎస్.కు అనుమతి వచ్చింది. 1947లో అబ్బాయిలు చేరారు. పాఠశాల పేరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీగా, జనం నోట సి.ఎం.సి.గా స్థిరపడింది. 1946లో అక్కడే నర్సింగులో బి.ఎస్సీ. చదువు మొదలైంది. దేశంలో నర్సింగ్ డిగ్రీ చదువు మొదట మొదలైన చోట్లలో అది ఒకటి.

8. చేతులు మారిన పని

1946లో ఐడా పదవి వదిలారు. ఆ తర్వాత కొద్దికాలానికే సంస్థ నాయకత్వం భారతీయురాలి చేతికి వచ్చింది. ఆమె డాక్టర్ హిల్డా లాజరస్. 1890లో విశాఖపట్నంలో పుట్టిన హిల్డా బ్రిటిషు ప్రభుత్వ మహిళా వైద్యసేవలో ఎన్నో ఊళ్లలో పనిచేసి, ఆ సేవకు అధిపతి అయిన వైద్యురాలు. సి.ఎం.సి.కి తొలి భారతీయ సంచాలకురాలు ఆమే. 1961లో పద్మశ్రీ అందుకున్నారు. ఆడవాళ్లకు వైద్యం చేయడానికి అమెరికా నుంచి వచ్చిన స్త్రీ కట్టిన సంస్థను విశాఖ ఆడపడుచు నడిపించడం ఐడా కోరుకున్న మార్పే.

ఐడా కళ్లముందే వేలూరులో కొత్త విద్యలు మొలిచాయి. 1948లో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధి వల్ల వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేయడం మొదలుపెట్టాడు. కుష్ఠురోగి వేళ్లు వ్యాధి తినేయడం వల్ల రాలిపోవు. నరాలు దెబ్బతిని నొప్పి తెలియకపోవడంతో గాయాలు ముదిరి వేళ్లు పోతాయి. కదలని వేళ్లకు మంచి కండరాల స్నాయువులను కలిపితే చేయి మళ్లీ పట్టుకోగలుగుతుంది. లేకపోతే అడుక్కోవలసిన మనిషి పనిచేసి బతకగలిగే ఉపాయం ఇది. 1949లో డాక్టర్ జేకబ్ చాందీ మెదడు, నరాల జబ్బుల విభాగం ప్రారంభించాడు.

వేలూరులో చదివినవాళ్లలో డాక్టర్ మేరీ వర్గీస్ కథ పిల్లలు తప్పక తెలుసుకోవాలి. ఆమె కేరళ అమ్మాయి. 1954లో వాహన ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము కింద చలనం పోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే ఆమె కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేయడం నేర్చుకున్నారు. ఆ తర్వాత అంగవైకల్యం ఉన్నవారు తమ బతుకు తాము గడుపుకునేలా చేసే వైద్యంలో ఉన్నత విద్య చదివి, వేలూరులో ఆ కేంద్రాన్ని నిలబెట్టారు. 1972లో పద్మశ్రీ వచ్చింది.

9. చివరి సంవత్సరాలు

విశ్రాంతి కోసం ఐడా కొడైకెనాల్ కొండ మీద ఉండేవారు. మొక్కలు పెంచడం ఆమెకు ఇష్టం. ఎనభై దాటాక కూడా టెన్నిస్ ఆడేవారు. విదేశం నుంచి ఎవరో డాక్టర్ ఐడా, ఇండియా అని మాత్రమే రాసి పంపిన ఉత్తరం తిన్నగా ఆమెకు చేరిందని చెబుతారు. 1960 మే 24న కొడైకెనాల్‌లో తుదిశ్వాస విడిచారు. వేలూరులో అంత్యక్రియల రోజు ఊరంతా కదిలివచ్చింది. ఆమెకు పెళ్లి లేదు, సొంత పిల్లలు లేరు. ఆమె నేర్పినవాళ్లు, ఆమె చేతుల మీద పుట్టినవాళ్లు ఊరూరా ఉన్నారు.

ఆమె తర్వాత వేలూరులో 1961లో ఓపెన్ హార్ట్ ఆపరేషన్, 1971లో దేశంలోనే తొలి విజయవంతమైన మూత్రపిండాల మార్పిడి, 1986లో ఎముకమజ్జ మార్పిడి జరిగాయి. చిత్తూరు, అనంతపురం, కడప, నెల్లూరు జిల్లాల నుంచి పెద్ద జబ్బు చేసినవాళ్లు రాయవేలూరుకు బయలుదేరడం తరతరాలుగా సాగుతోంది. చిత్తూరు దగ్గర సి.ఎం.సి. శాఖ కూడా ఇప్పుడు పనిచేస్తోంది.

సి.ఎం.సి.లో చదివి డాక్టర్ అయ్యేవాళ్లలో ఎక్కువమందికి ఒక నియమం ఉంది. చదువు ముగిశాక కొంతకాలం డాక్టర్లు కొరతగా ఉన్న మిషన్ ఆస్పత్రుల్లో, మారుమూల ఊళ్లలో పనిచేయాలి. ఒక్క డాక్టరు చాలదని తొలి ఆస్పత్రి రోజుల్లోనే గ్రహించిన ఐడా స్కడర్ జీవితమంతా చేసిన పని ఇదే. తాను వైద్యం చేశారు, ఇంకొకరికి నేర్పారు, ఆ నేర్చినవాళ్లను వైద్యం అందని చోటికి పంపారు.